ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్: డిలన్‌ది వినాలా, హెండ్రిక్స్‌ది వినాలా?

అరవైల రాక్ సంగీతం ఇష్టపడేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ దగ్గరికి వస్తుంది. పాట రాసిందీ, మొదట పాడిందీ అమెరికన్ గాయకుడు, గీత రచయిత బాబ్ డిలన్, 1967లో. ఏడాది తిరక్కముందే గిటార్ వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ దాన్ని తనదైన పద్ధతిలో పాడి లోకమంతా తిప్పాడు. 1974లో డిలన్ మళ్ళీ తన పాటను తానే, హెండ్రిక్స్ చూపించిన దారిలో, వేదిక మీద ఎత్తుకున్నాడు. పాట ఒక్కటే, రికార్డులు మూడు. అభిమానుల వాదులాట అర్ధశతాబ్దం దాటినా తెగలేదు.

ఈ పాట ఇంకా వినని వాళ్ళకీ, ఒక్క రూపమే విని ఊరుకున్నవాళ్ళకీ కావలసింది ఆ వాదులాటలో గెలుపోటములు కాదు. ముందు ఏది వినాలి, ఒక్కటే దగ్గర ఉంచుకోవాలంటే ఏది ఉంచుకోవాలి, దేన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు అన్నది కావాలి. నా జవాబు మొదటే చెప్పేస్తాను. ముందు వినాల్సింది డిలన్ 1967 రికార్డు. ఉంచుకోవాల్సింది హెండ్రిక్స్‌ది. 1974 నాటిది ఆ రెండూ బాగా ఒంటబట్టాక వినాల్సింది. ఎందుకో చెప్పాలంటే ముందు పాటలోకి వెళ్ళాలి.

పాటలో జరిగేది ఏమిటి

పల్లవి లేని పాట ఇది. మూడు చరణాలు, మొత్తం పన్నెండు పాదాలు, అంతే. మొదటి చరణంలో ఒక విదూషకుడు ఒక దొంగతో మొరపెట్టుకుంటాడు. ఇక్కడినుంచి బయటపడే దారేదో ఉండాలి, అంతా గందరగోళంగా ఉంది, నా ద్రాక్షసారాయి వ్యాపారులు తాగుతున్నారు, నా నేల ఎవరెవరో దున్నుకుంటున్నారు, వీళ్ళలో ఒక్కడికీ దాని విలువ తెలీదు అంటాడు. రెండో చరణంలో దొంగ అతన్ని నెమ్మదిగా సముదాయిస్తాడు. బతుకంతా వేళాకోళం అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నువ్వూ నేనూ ఆ దశ దాటివచ్చాం, ఇక అబద్ధాలు మాట్లాడుకోవద్దు, పొద్దుపోతోంది అంటాడు.

మూడో చరణానికి వచ్చేసరికి ఈ ఇద్దరూ కనిపించరు. ఒక కావలి బురుజు, దాని మీద కాపలా కాస్తున్న రాకుమారులు, వస్తూ పోతూ ఉన్న ఆడవాళ్ళు, చెప్పులు లేని పనివాళ్ళు. దూరంగా ఒక అడవిపిల్లి గుర్రుమంటుంది. రెండు గుర్రాల మీద ఇద్దరు వస్తున్నారు. గాలి హోరు మొదలవుతుంది. పాట అయిపోతుంది.

వచ్చేది ఎవరు? విదూషకుడూ దొంగేనా? వాళ్ళే అయితే, వాళ్ళు దారిలో మాట్లాడుకున్న మాటలే మనం మొదటి రెండు చరణాల్లో విన్నాం అనుకోవాలి. అంటే కథ మొదలు కావాల్సిన చోట పాట ముగుస్తోంది. సంఘటనల వరుస ఇందులో తిరగబడి నడుస్తుందని డిలన్ కూడా 1968లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. బైబిల్ చదివినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. యెషయా గ్రంథం 21వ అధ్యాయంలో కావలివాడు బురుజు మీద నిలబడి రాత్రింబవళ్ళు చూస్తుంటాడు, జతలుగా రౌతులు వస్తారు, బబులోను కూలిపోయిందన్న కబురు వినిపిస్తుంది. తెలుగునాట చర్చిలో పెరిగిన పిల్లలు ఈ అధ్యాయం వినే ఉంటారు. డిలన్ ఆ కబురును మాత్రం పాటలోకి రానివ్వలేదు. రౌతులు వస్తున్నారనే చెప్పి వదిలేశాడు. ఏం కూలబోతోందో మనమే ఊహించుకోవాలి.

స్వరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మూడంటే మూడు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారే మోగించే గుచ్ఛాలు), మొదటినుంచి చివరిదాకా అవే తిరుగుతుంటాయి. షడ్జం మీద మొదలై, కిందికి నిషాదం, ఇంకా కిందికి ధైవతం, మళ్ళీ నిషాదం మీదుగా పైకి. ఆ కార్డ్స్‌లోని స్వరాలన్నీ కలిపి చూస్తే మన కర్ణాటక సంగీతంలోని నఠభైరవి మేళం. ఈ చక్రం ఎక్కడా స్థిరపడి ఆగదు. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతుంది. మూడు రికార్డుల్లోనూ ఇది మారలేదు. మారిందల్లా దాని చుట్టూ ఉన్నవే.

డిలన్, 1967: గొంతు పెంచని పాట

1966 జులైలో ఉడ్‌స్టాక్ దగ్గర మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగాక డిలన్ కచేరీ పర్యటనలు ఆపేశాడు. మరుసటి ఏడాది వేసవికల్లా రాక్ సంగీతం స్టూడియో మాయల్లో మునిగింది. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ వచ్చింది ఆ వేసవిలోనే. ఆర్కెస్ట్రాలు, వెనక్కి తిప్పిన టేపులు, ఒకదాని మీద ఒకటి పేర్చిన శబ్దాలు. అందరూ పేరుస్తున్నప్పుడు డిలన్ తీసేయడం మొదలుపెట్టాడు. నాష్‌విల్‌లోని కొలంబియా స్టూడియోలో, నిర్మాత బాబ్ జాన్‌స్టన్ ఆధ్వర్యంలో, ఇద్దరే ఇద్దరు వాద్యకారులతో కూర్చున్నాడు. బేస్ (మంద్రస్వరాల గిటార్) మీద చార్లీ మెకాయ్, డ్రమ్స్ మీద కెన్నీ బట్రీ. డిలన్ చేతిలో అకూస్టిక్ గిటార్, మెడలో హార్మోనికా. 1967 నవంబరు 6న ఈ పాటతో కలిపి ఐదు పాటలు ఒక్కరోజులో రికార్డయ్యాయి. ‘జాన్ వెస్లీ హార్డింగ్’ ఆల్బమ్ అదే ఏడాది డిసెంబరు 27న విడుదలైంది.

వింటున్నప్పుడు ముందు మెకాయ్ బేస్ మీద చెవి పెట్టండి. గిటార్ మూడు కార్డ్స్ చుట్టూ తిరుగుతుంటే బేస్ వాటి కింద నడుస్తూ, ఒక్కోసారి గెంతుతూ పోతుంది. పాటలో కదలిక అంతా అక్కడే ఉంది. బట్రీ డ్రమ్స్ అదుపు తప్పవు. ఎక్కడా ఉరుము ఉరమదు. చరణాల మధ్య హార్మోనికా సన్నగా, కాస్త కర్కశంగా కోసుకుంటూ వస్తుంది.

ఇక గొంతు. డిలన్ గొంతు బాగుండదన్నది చాలామంది ఫిర్యాదు. ఈ పాటలో మాత్రం ఆ గొంతు చేసిన పని గమనించాలి. విదూషకుడి మొర, దొంగ ఓదార్పు, మూడో చరణంలోని భయంకరమైన నిశ్శబ్దం, మూడింటినీ ఆయన దాదాపు ఒకే ఎత్తులో పాడతాడు. కబురు మోసుకొచ్చినవాడు కబురు మాత్రమే చెప్పి వెళ్ళిపోయినట్టు. రౌతులు వస్తున్నారని చెప్పేటప్పుడు కూడా గొంతు వణకదు. రెండున్నర నిమిషాలకి పాట ముగిసేసరికి మనకి ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాదు, ఏదో జరగబోతోందని మాత్రం గట్టిగా తెలుస్తుంది. అంత తక్కువ సామగ్రితో అంత భయం పుట్టించడం అరవైల పాటల్లో నాకు మరెక్కడా కనిపించలేదు.

హెండ్రిక్స్ అభిమానుల్లో ఒక వర్గం ఈ రికార్డును చిత్తుప్రతి అంటుంది. హెండ్రిక్స్ వచ్చి పూర్తిచేశాడు, అంతకుముందు ఉన్నది నమూనా మాత్రమే అన్నది వాళ్ళ వాదం. దీన్ని నేను ఒప్పుకోను. ఆల్బమ్ మొత్తం వినండి, పన్నెండు పాటలూ ఇదే పొదుపుతో నడుస్తాయి. చివరి రెండు పాటల్లో మాత్రం పీట్ డ్రేక్ స్టీల్ గిటార్ వచ్చి చేరుతుంది. తెలిసి, కోరి తీసుకున్న నిర్ణయం అది. డిలన్ విడుదల కాని రికార్డింగుల వరుస ‘బూట్‌లెగ్ సిరీస్’లో 2019లో వచ్చిన 15వ సంపుటం ‘ట్రావెలిన్ త్రూ’లో ఈ పాట మూడో టేక్ (మూడోసారి పాడి రికార్డు చేసినది) కూడా దొరుకుతుంది. పోల్చి వింటే పాట స్వభావం స్టూడియోలోకి వచ్చేటప్పటికే కుదిరిపోయిందని తెలుస్తుంది.

హెండ్రిక్స్, 1968: సోలో ఎక్కడ ఉందో చూడండి

డిలన్ ఆల్బమ్ బజారులోకి వచ్చి నెల కూడా కాకముందే, 1968 జనవరి 21న, లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోస్‌లో హెండ్రిక్స్ ఈ పాట మొదలుపెట్టాడు. డిలన్ అంటే ఆయనకి ఎంత ఇష్టమో 1967 జూన్‌లో మాంటెరే సంగీతోత్సవం వేదిక మీద డిలన్ పాట ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ పాడినప్పుడే జనానికి తెలిసింది. ఒలింపిక్‌లో ‘ట్రాఫిక్’ బృందానికి చెందిన డేవ్ మేసన్ పన్నెండు తీగల అకూస్టిక్ గిటార్ వాయించాడు. మిచ్ మిచెల్ డ్రమ్స్. బేస్ వాద్యకారుడు నోయెల్ రెడింగ్ టేకుల మీద టేకులు చూసి విసుగెత్తి మధ్యలో వెళ్ళిపోతే, రికార్డు మీద మనం వినే బేస్ కూడా హెండ్రిక్సే వాయించాడు. ఇంజనీరు ఎడ్డీ క్రేమర్. ఆ టేపులు తర్వాత న్యూయార్క్ రికార్డ్ ప్లాంట్ స్టూడియోకి వెళ్ళాయి. అక్కడ ఎక్కువ ట్రాకుల టేపుల మీదికి ఎక్కించి, వేసవిలో హెండ్రిక్స్ మళ్ళీ మళ్ళీ గిటార్లు చేరుస్తూ, చెరుపుతూ పోయాడు. డిలన్ ఒక్కరోజులో ఐదు పాటలు ముగిస్తే, హెండ్రిక్స్‌కి ఈ ఒక్క పాటకి నెలలు పట్టింది. సెప్టెంబరులో అమెరికాలో సింగిల్‌గా (విడి పాట రికార్డుగా), అక్టోబరులో ‘ఎలెక్ట్రిక్ లేడీల్యాండ్’ ఆల్బమ్‌లో భాగంగా వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 20వ స్థానం, బ్రిటన్‌లో 5వ స్థానం. బతికుండగా అమెరికాలో మొదటి నలభైలోకి వెళ్ళిన హెండ్రిక్స్ సింగిల్ ఇదొక్కటే.

అభిమానులు దీన్ని మెచ్చుకునేది సోలో (గొంతు ఆగి గిటార్ ఒక్కటే ముందుకొచ్చే భాగం) కోసం. నిజమే, ఆ సోలోకి సాటి వచ్చేవి తక్కువ. ఎంత బాగా వాయించాడన్నదానికంటే ఎక్కడ వాయించాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. మొదటి చరణం తర్వాత చిన్న సోలో ఉంది. పెద్ద సోలో రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య వస్తుంది. ఇప్పుడు కథ గుర్తు తెచ్చుకోండి. రెండో చరణం చివర దొంగ పొద్దుపోతోందంటాడు. మూడో చరణం మొదట్లో మనం ఒక్కసారిగా దూరంగా బురుజు మీద ఉంటాం. ఈ రెండింటి మధ్య ఎంత సమయం గడిచిందో, ఎంత దూరం వచ్చామో డిలన్ చెప్పలేదు. హెండ్రిక్స్ సరిగ్గా అక్కడ నిమిషానికి పైగా గిటార్‌కి అప్పగించాడు. ఆ పొద్దుపోవడం, ఆ ప్రయాణం మనకి అక్కడ వినిపిస్తాయి.

దాన్ని దగ్గరగా వింటే నాలుగు అంకాలు కనిపిస్తాయి. పాటలో ఒకటీ ముప్పావు నిమిషం దగ్గర ఆ సోలో మొదలవుతుంది. మొదటి అంకం తిన్నగా, పాడగలిగేంత స్పష్టమైన వరసలో సాగుతుంది. రెండో అంకంలో స్లైడ్. తీగ మీద లోహం జారుతుంటే స్వరం నేలను విడిచి తేలుతుంది, ప్రతిధ్వని దాని వెంట పడుతుంది. సిగరెట్ లైటర్‌తో ఆ స్లైడ్ వాయించాడని చెబుతారు. మూడో అంకంలో వావా పెడల్ (కాలితో తొక్కుతూ గిటార్ ధ్వనిని మార్చే పరికరం), గిటార్ మాట్లాడుతున్నట్టు నోరు తెరిచి మూస్తుంటుంది. నాలుగో అంకంలో ఒంటి స్వరాలు పోయి కార్డ్స్ వస్తాయి, లయ బిగుస్తుంది, మనం మళ్ళీ నేలమీదికి దిగుతాం. దిగిన మరుక్షణం మూడో చరణం, బురుజు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆ దిగడం అంత బలంగా ఉండదు.

తర్వాత గాలి. డిలన్ రికార్డులో గాలి హోరు అన్న మాట తర్వాత హార్మోనికా వచ్చి ఊరుకుంటుంది. హెండ్రిక్స్ ఆ మాటను అరిచి, గిటార్‌ని పైపైకి లాగుతూ, ఒకే ఎత్తైన స్వరాన్ని సాగదీసి సాగదీసి, పాట మసకబారి ముగిసేదాకా వదలడు. సాహిత్యం ఆగిపోయిన చోట కథను ఇంకో ముప్పై సెకన్లు గిటార్ మోసింది. పాటలో డిలన్ వదిలిన రెండు ఖాళీలు చరణాల మధ్య గెంతు ఒకటి, ముగింపు లేని ముగింపు ఒకటి. హెండ్రిక్స్ తన గిటార్‌ని ఆ రెండు చోట్లే విచ్చలవిడిగా వదిలాడు. అంటే ఆయన ఈ పాటని ఎంతో శ్రద్ధగా చదువుకున్నాడు. ఉంచుకోవాల్సింది ఇదే అని నేననడానికి మొదటి కారణం అది.

రెండో కారణం ఆ ఏడాది. జనవరి 21న రికార్డింగ్ మొదలైతే, ఆ నెలాఖరున వియత్నాం యుద్ధంలో అమెరికా పక్షం మీద టెట్ దాడులు మొదలయ్యాయి. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీని చంపేశారు. ఇక్కడినుంచి బయటపడే దారేదో ఉండాలన్న మొర ఆ ఏడాది అమెరికాలో ఎవరికీ విదూషకుడి మాటగా వినిపించి ఉండదు. హెండ్రిక్స్ కూడా 1961, 62లలో అమెరికా సైన్యం 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో పనిచేసినవాడే. వియత్నాం యుద్ధం మీద వచ్చిన సినిమాలూ డాక్యుమెంటరీలూ ఈ రికార్డును అన్నిసార్లు వాడుకోవడానికి కారణం ఊరికే ఫ్యాషన్ అనుకోను.

వాదులాటలో వినిపించే మాటలు

“రాసినవాడు పాడిందే అసలు పాట.” మన దగ్గర కూడా ఈ వాదన తరచూ వింటాం. రాసినవాడికి గౌరవం ఇవ్వాల్సిందే. కానీ జానపద సంప్రదాయంలోంచి వచ్చిన డిలన్‌కి పాట అన్నది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేది, మారుతూ బతికేది. ఆయన పాడిన ఎన్నో వరసలు అలా ముందువాళ్ళ దగ్గర తీసుకున్నవే. కాబట్టి ఈ మాట ఆయన పద్ధతికే పొసగదు.

“డిలనే ఓటమి ఒప్పుకున్నాడు కదా.” హెండ్రిక్స్ పక్షం దీన్ని బ్రహ్మాస్త్రంలా వాడుతుంది. 1985లో వచ్చిన ‘బయోగ్రాఫ్’ సంకలనంలో డిలన్ చెప్పింది ఏమిటంటే, హెండ్రిక్స్ రికార్డు తనకి నచ్చిందని, అతను పోయినప్పటినుంచి తానూ దాన్ని ఆ తీరులోనే వాయిస్తున్నానని, పాడినప్పుడల్లా అతనికి నివాళిలా అనిపిస్తుందని. ఇందులో ఓటమి మాట ఎక్కడుంది? చిన్న వయసులో పోయిన ఒక కళాకారుడి పట్ల ప్రేమ ఉంది. తన పాటలో తనకి తెలియని గదులు అతను తెరిచాడన్న కృతజ్ఞత ఉంది. దాన్ని పందెం ఫలితంగా చదవడం డిలన్‌కీ హెండ్రిక్స్‌కీ ఇద్దరికీ అన్యాయమే.

“హెండ్రిక్స్ హోరులో మాటలు మునిగిపోయాయి.” డిలన్ పక్షం చెప్పే ఈ మాటలో బలం ఉంది. ఇంగ్లిష్ సాహిత్యం మొదటిసారి వింటున్న తెలుగు శ్రోతకి హెండ్రిక్స్ రికార్డులో సగం మాటలు జారిపోతాయి. కొన్ని మాటలు ఆయన అక్కడక్కడ మార్చి కూడా పాడాడు. విదూషకుడూ దొంగా ఎవరో, ఏం మాట్లాడుకున్నారో తెలీకపోతే, ఆ పెద్ద సోలో ఎక్కడికి తీసుకెళుతోందో కూడా తెలీదు, వట్టి నైపుణ్య ప్రదర్శనలా మిగులుతుంది. ముందు డిలన్‌ది వినమని నేను చెప్పడానికి కారణం ఇదే. ఒకసారి హెండ్రిక్స్ చెవికెక్కాక డిలన్ రికార్డును దాని సొంత వెలుగులో వినడం చాలా కష్టం. ప్రతి ఖాళీలోనూ లేని గిటార్ కోసం చెవి వెతుకుతుంది. డిలన్‌ది విని హెండ్రిక్స్ దగ్గరికి వస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మూడు చరణాలూ మనసులో ఉంటాయి కాబట్టి హెండ్రిక్స్ చేసిన ప్రతి పనీ అర్థవంతంగా వినిపిస్తుంది.

సాహిత్యమే మీకు ప్రాణం అయితే, వాద్యం ఎంత గొప్పదైనా మాట తర్వాతే అనుకునేవాళ్ళయితే, డిలన్ రికార్డు దగ్గరే ఆగిపోయినా మీకేమీ లోటు లేదు.

1974, ఆ తర్వాత

1974 జనవరి 3న షికాగోలో ‘ద బ్యాండ్’ అనే రాక్ బృందంతో కలిసి మొదలుపెట్టిన పర్యటనలో డిలన్ ఈ పాటను మొట్టమొదటిసారి కచేరీలో పాడాడు. రికార్డు చేసిన ఆరేళ్ళకి. హెండ్రిక్స్ చనిపోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాడినది ‘బిఫోర్ ద ఫ్లడ్’ ఆల్బమ్‌లో ఉంది. ఆ బృందం గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ గిటార్ ముక్కలు ముక్కలుగా దూసుకొస్తుంది, డిలన్ ప్రతి పాదం చివరి మాటను పట్టుకుని విసురుతాడు. 1967లో గొంతు పెంచకుండా సాధించిన భయం ఇక్కడ లేదు, దాని బదులు కోపం ఉంది. పాటలోని కథ మనకి ముందే తెలుసని ఆయన నమ్మి పాడతాడు. అందుకే కొత్తవాళ్ళు దీనితో మొదలుపెట్టకూడదు. మొదటి రెండూ తెలిసినవాళ్ళకి మాత్రం ఒక రచయిత తన మాటల్ని మరొకరి గొంతులోంచి వెనక్కి తీసుకోవడం వినే అరుదైన అవకాశం.

అప్పటినుంచి డిలన్ దీన్ని రెండువేలసార్లకి పైగా కచేరీల్లో పాడాడు. ఆయన ఏ ఇతర పాటనీ ఇన్నిసార్లు పాడలేదు. 1978 నాటి బుడోకాన్ (టోక్యో) కచేరీ రికార్డు, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంతో కలిసి పాడినది వదిలేసినా ఫరవాలేదు. 1994లో ఎంటీవీ ‘అన్‌ప్లగ్డ్’ టీవీ కార్యక్రమం కోసం పాడినది మాత్రం వెతికి వినండి. పాట కొంతవరకు పాత పొదుపులోకి తిరిగొస్తుంది, లయ మాత్రం హెండ్రిక్స్ నుంచి నేర్చుకున్నదే. వేరేవాళ్ళ రూపాల్లో 1992లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీల్ యంగ్ పాడినది నాకు ఇష్టం. యూటూ బృందం పాడినది వినవచ్చు, అవసరం లేదు.

ఏ ముద్రణ, దేనిమీద వినాలి

డిలన్ ఆల్బమ్‌కి మోనో (శబ్దమంతా ఒకే చానెల్‌లో వచ్చే) రూపం దొరికితే అదే తీసుకోండి. 2010లో వచ్చిన ‘ది ఒరిజినల్ మోనో రికార్డింగ్స్’ పెట్టెలో ఆయన మొదటి ఎనిమిది ఆల్బమ్‌లూ ఉన్నాయి, వాటిలో చివరిది ఇదే. గొంతు, బేస్, హార్మోనికా విడివిడిగా చెల్లాచెదరు కాకుండా ఒకేచోట నిలబడతాయి. ఫోన్ స్పీకర్ మీద విన్నా ఈ పాట పెద్దగా నష్టపోదు. బేస్ మాత్రం కొంత పోతుంది.

హెండ్రిక్స్‌ది ఫోన్ స్పీకర్ మీద వినకండి. అది పూర్తిగా స్టీరియో కోసం కట్టిన రికార్డు. గిటార్లు ఎడమకీ కుడికీ కదులుతాయి, పన్నెండు తీగల గిటార్ ఒక గోడలా వెనక నిలబడుతుంది, మొదట్లో గలగలమని మోగే వైబ్రాస్లాప్ అనే తాళవాద్యం చప్పుడు ఎక్కడినుంచో వచ్చి ఎక్కడో కలిసిపోతుంది. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, రెండు చెవులకీ పెట్టుకుంటే సరి. 2018లో ‘ఎలెక్ట్రిక్ లేడీల్యాండ్’ యాభయ్యో ఏట వచ్చిన ప్రత్యేక సంచిక బాగుంటుంది. ఇంకా లోతుగా వెళ్ళాలనుకుంటే 1997 నాటి ‘సౌత్ సాటర్న్ డెల్టా’ సంకలనంలో న్యూయార్క్ చేర్పులకు ముందు లండన్‌లో కుదిరిన మిక్స్ (ట్రాకులన్నీ కలిపిన రూపం) ఉంది. అది విన్నాక, ఆ తర్వాతి నెలల్లో హెండ్రిక్స్ ఏమేం చేర్చాడో ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. పాట పెరుగుతూ ఉండగా చూసినట్టుంటుంది. హెండ్రిక్స్ అభిమానులు ఎక్కువగా పట్టించుకోని రికార్డు ఇది, నాకైతే ఆయన కచేరీ రికార్డులకంటే దీన్నే ముందు వినాలనిపిస్తుంది.

ప్రత్యక్ష కచేరీ కావాలంటే 1970 ఆగస్టు 31 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో పాడినది దొరుకుతుంది. మిచెల్, బిల్లీ కాక్స్, హెండ్రిక్స్, ముగ్గురే. స్టూడియోలో పేర్చిన పొరలు ముగ్గురితో రావు కాబట్టి నిర్మాణం పలచబడింది. మూడు వారాలు కూడా గడవకముందే, సెప్టెంబరు 18న ఆయన చనిపోయాడు. ఆ సంగతి మనసులో పెట్టుకుని విన్నా, మొదటిసారి వినడానికి మాత్రం ఇది సరైనది కాదు.

గిటార్ నేర్చుకునేవాళ్ళకి

హైదరాబాద్‌లో, విజయవాడలో, ఎక్కడైనా గిటార్ క్లాసులో చేరిన కొద్ది నెలలకే ఎవరో ఒకరు ఈ పాట అడుగుతారు. డిలన్ పద్ధతితో మొదలుపెట్టండి. నాలుగో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టి ఏ మైనర్, జీ, ఎఫ్, మళ్ళీ జీ. రికార్డుతో కలిపి వాయించుకోవచ్చు. చిక్కంతా ఎఫ్ దగ్గరే. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బ్యారే పట్టు ఇంకా కుదరకపోతే పైన నాలుగు తీగల చిన్న ఎఫ్‌తో సర్దుకోండి, పాట ఆగకూడదు. మార్పులు గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి మీ ధ్యాసంతా కుడిచేతి లయ మీద పెట్టొచ్చు, ఇందులో నేర్చుకోవాల్సింది అదే.

హెండ్రిక్స్ రికార్డుతో కలిపి వాయించాలంటే గిటార్ మొత్తాన్ని అర స్వరం కిందికి దించి శ్రుతి చేయాలి, లేకపోతే ఎంత సరిగ్గా వాయించినా రికార్డుతో కలవదు. చాలామంది వారాల తరబడి తంటాలు పడేది ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పకే. సోలో మొత్తం ఒకేసారి మీద వేసుకోవద్దు. మొదటి అంకం నేర్చుకోండి, అక్కడ ఎక్కువగా వినిపించేది మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల వరస. కర్ణాటక సంగీతం పరిచయం ఉన్నవాళ్ళకి అది శుద్ధ ధన్యాసి స్వరాలే, స గ మ ప ని. గమకం వేసే చెవి ఉన్నవాళ్ళకి ఆ తీగ లాగుళ్ళు తొందరగా పట్టుబడతాయి. స్వరం ఎక్కడిదాకా లాగాలో వేలికంటే ముందు చెవికి తెలుస్తుంది. నాలుగో అంకంలోని కార్డ్స్ రెండో మెట్టు. స్లైడ్, వావా అంకాలు ఆఖరుకి వదిలేయండి. వావా పెడల్ లేకుండా మూడో అంకం వాయిస్తే స్వరాలు సరిగ్గానే ఉంటాయి కానీ ఆ మాట్లాడే గుణం రాదు, కాబట్టి పెడల్ కొన్నాకే దాని మీద కూర్చోండి.